ఇంటర్వ్యూ గదిలో వణికే పిల్లలకు మనం నేర్పనిదేమిటి?

ఇంజినీరింగ్ కాలేజీల్లో క్యాంపస్ ప్లేస్‌మెంట్లు మొదలయ్యాయంటే చాలు, అన్ని వైపుల నుంచీ ఒకటే సలహా. ‘టెన్షన్ పడకు, కాన్ఫిడెంట్‌గా ఉండు.’ ఇంటి నుంచి ఫోన్లో నాన్న అదే చెబుతాడు. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ అదే చెబుతారు. అమీర్‌పేటలో ఫీజు కట్టించుకున్న ట్రైనర్ కూడా అదే చెబుతారు. బిడియం ఉన్న పిల్లలకు ఈ మాటతో ఒరిగేదేమీ లేదు. పైగా బరువు పెరుగుతుంది. అప్పటిదాకా అడిగినదానికి జవాబు చెప్పడం ఒక్కటే పని. ఇప్పుడు లోపలి వణుకు బయటపడకుండా చూసుకోవడం రెండో పని. ఇంటర్వ్యూలో ఉన్న కాస్త తెలివీ ఆ రెండో పనికే ఖర్చయిపోతుంది.

ఇంటర్వ్యూలో తడబడే బిడియస్థుల్లో చాలామందికి ధైర్యం కొరవడలేదని నా వాదన. వాళ్లకు లేనిది అలవాటు. తాను చేసిన పని గురించి కొత్త మనిషి ఎదుట కూర్చుని, సొంత మాటల్లో నోరు తెరిచి చెప్పే అలవాటు. అది వాళ్లకు అబ్బకుండా ఏళ్ల తరబడి అడ్డుపడినవి మన చదువులే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఉత్త ధైర్యవచనాలు పనిచేయవని పరీక్షించి చూసినవాళ్లు ఉన్నారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ 2003లో ఒక ప్రయోగం ప్రచురించారు. ప్రసంగం చేయాల్సిన విద్యార్థుల్లో కొందరికి ముందుగా ఏమీ చెప్పలేదు. ఇంకొందరికి, కంగారు సహజమే, దిగులు పడొద్దని ధైర్యం చెప్పారు. మిగిలినవాళ్లకు ఒక నిజం చెప్పారు. లోపల మీరు ఎంత కంగారు పడుతున్నారో, ఎదుటివాళ్లకు మీరు అనుకున్నంతగా కనపడదు అని. ఈ చివరి గుంపువాళ్లే బాగా మాట్లాడారు. వాళ్లకూ అలాగే అనిపించింది, చూసినవాళ్లకూ అలాగే అనిపించింది. ధైర్యం మాత్రమే నూరిపోయించుకున్నవాళ్లకు ఆ మేలు జరగలేదు.

బిడియం ఉన్న ప్రతి అభ్యర్థీ ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోవాలి. గుండె దడ, అరచేతుల్లో చెమట, ఎండిపోయిన నోరు... ఇవన్నీ మీకు తెలిసినంతగా టేబుల్ అవతలి మనిషికి తెలియవు. మీ గుండె చప్పుడు గదంతా వినపడుతోందని మీకు అనిపిస్తుంది. ఆయన మీ రెజ్యూమె తిరగేస్తూ తర్వాతి ప్రశ్న వెతుక్కుంటూ ఉంటారు, అంతే.

టెన్షన్‌ను అణచిపెట్టాలనే ప్రయత్నం కూడా మానేయడం మంచిది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో పనిచేసే ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, ప్రసంగానికి ముందు ‘నేను ప్రశాంతంగా ఉన్నాను’ అనుకున్నవాళ్లకన్నా ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అని పైకి అనుకున్నవాళ్లు మెరుగ్గా మాట్లాడారు. ఇందులో వింత లేదు. భయంలోనైనా ఉత్సాహంలోనైనా గుండె వేగం పెరుగుతుంది, ఒళ్లంతా అప్రమత్తమవుతుంది. పరుగెడుతున్న గుండెను ఆగమని బతిమాలడం కష్టం. ఆ పరుగుకు ఇంకో పేరు పెట్టుకోవడం తేలిక.

ఇంకో విషయం. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అభ్యర్థుల ప్రవర్తనను వివరంగా గమనించారు. కంగారుగా ఉన్నవాళ్లు నిమిషానికి తక్కువ మాటలు మాట్లాడుతున్నారని, ఎదుటివాళ్లతో ముభావంగా ఉంటున్నారని తేలింది. మార్కులు పోయేది ఎక్కువగా ఆ ముభావం దగ్గరే. చెయ్యి కాస్త వణికితే ఎవరూ ఉద్యోగం ఇవ్వకుండా పోరు. కానీ తల వంచుకుని ‘అవును’, ‘కాదు’ అని ముక్తసరిగా ముగిస్తే, ఈ మనిషికి ఈ ఉద్యోగం మీద ఆసక్తి లేదని అవతలివాళ్లు అనుకుంటారు. బిడియానికి జరిగే అసలైన అన్యాయం ఇదే. దాన్ని పొగరుగానో, నిరాసక్తతగానో, చేతకానితనంగానో చదువుతారు.

మరి మనం దీనికి చేయిస్తున్న తయారీ ఏమిటి? బట్టీ పట్టించిన సెల్ఫ్ ఇంట్రడక్షన్. ‘ఐ హెయిల్ ఫ్రమ్’ అంటూ ఊరి పేరుతో మొదలై, నాన్న వృత్తి, అమ్మ హౌస్ వైఫ్, స్ట్రెంత్ హార్డ్ వర్క్, వీక్‌నెస్ ఎవరినైనా ఇట్టే నమ్మేయడం దగ్గర ముగిసే ఆ పాఠం వినని హెచ్ఆర్ మేనేజర్ తెలుగు రాష్ట్రాల్లో ఉండకపోవచ్చు. సీనియర్ల నుంచి జూనియర్లకు వాట్సాప్‌లో వారసత్వంగా అందుతుంది. బిడియం ఉన్న విద్యార్థికి దానంత ప్రమాదం మరొకటి లేదు. బట్టీ పట్టినదాంట్లో ఒక్క ముక్క మరిచిపోతే మొత్తం ఆగిపోతుంది. అవతలివాళ్లు మధ్యలో ఆపి, ‘మీ ఊరు గురించి ఇంకో రెండు మాటలు చెప్పండి’ అంటే ఇక చేతిలో ఏమీ ఉండదు. పుట్టి పెరిగిన ఊరి గురించి రెండు ముక్కలు చెప్పలేకపోయామన్న అవమానంతో మిగతా పావుగంటా గడుస్తుంది.

మాటలు బట్టీ పట్టవద్దు. సంఘటనలు గుర్తుపెట్టుకోవాలి. మీ జీవితంలోంచి ఒక నాలుగైదు చాలు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో పని చేయక మొరాయించిన భాగం, టీమ్‌లో వచ్చిన గొడవ, ఎవరూ చెప్పకుండా సొంతంగా నేర్చుకున్న ఒక పని, సరిగ్గా జరగని ఒక వ్యవహారం. ఒక్కోదాంట్లో పరిస్థితి ఏమిటి, నేను చేసింది ఏమిటి, చివరికి ఏమైంది అన్నది రెండు నిమిషాల్లో చెప్పగలిగితే హెచ్ఆర్ రౌండ్‌లో అడిగే ప్రశ్నల్లో చాలావాటికి వాటిలోంచే జవాబు దొరుకుతుంది. జరిగిన సంగతి కాబట్టి మరిచిపోయే భయం ఉండదు. మధ్యలో ఆపినా మళ్లీ ఎక్కడినుంచైనా అందుకోవచ్చు.

దీన్ని మనసులో అనుకుంటే చాలదు, గొంతు విప్పి చెప్పాలి. ముందు తెలుగులోనే చెప్పండి, రూమ్మేట్‌కు చెప్పినట్టు. విషయం తీరుగా కుదిరాక ఇంగ్లిష్‌లో చెప్పండి. ఒకేసారి ఏం చెప్పాలో వెతుక్కోవడం, ఇంగ్లిష్ వాక్యం కట్టుకోవడం అంటే ఎవరికైనా నోరు పెగలదు. దాన్ని మనవాళ్లు బిడియం ఖాతాలో రాస్తున్నారు. ఫోన్లో రికార్డు చేసుకుని వినడం మొదట ఇబ్బందిగానే ఉంటుంది. ఆ ఇబ్బంది ఇంటర్వ్యూ గదిలో కాకుండా హాస్టల్ గదిలో పడటం నయం కదా.

ఆ రోజు కాఫీ, టీ తగ్గించుకోవడం, గాలి పీల్చినదానికన్నా నెమ్మదిగా వదలడం లాంటివి చిన్న చిట్కాలే అయినా పనిచేస్తాయి. ‘ఒక్క నిమిషం ఆలోచించుకుని చెప్తాను సార్’ అనడం తప్పు కాదు. టెక్నికల్ రౌండ్‌లో ‘తెలియదు’ అనడమూ తప్పు కాదు. తెలియనిది తెలిసినట్టు చెప్పబోయి దొరికిపోవడమే తప్పు. ఒక ఆఫర్ వచ్చినవాళ్లను మళ్లీ ఇంటర్వ్యూలకు కూర్చోనివ్వకూడదనే నిబంధన చాలా కాలేజీల్లో ఉంది కాబట్టి అసలు ఇంటర్వ్యూలనే సాధనగా వాడుకునే వీలు మన విద్యార్థులకు తక్కువ. అందుకే మాక్ ఇంటర్వ్యూలు కొత్త మనుషులతో జరగాలి. రోజూ చూసే సొంత డిపార్ట్‌మెంట్ సార్ ముందు కూర్చుంటే సాధన కాదు. ఇంత చేసినా వారాల తరబడి నిద్ర పట్టక, నలుగురిలోకి వెళ్లడమే మానేసే స్థితి ఉంటే అది మామూలు బిడియం కాదు. డాక్టర్‌ను కలవాలి. కేంద్రం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసినా మాట్లాడతారు.

కంపెనీలవాళ్లు ఒక మాట అంటారు. క్లయింట్‌తో మాట్లాడాలి, టీమ్‌లో మెలగాలి, ఇంటర్వ్యూలోనే నోరు విప్పనివాడు రేపు ఏం విప్పుతాడు అని. క్లయింట్‌తో మాట్లాడే ఉద్యోగమైతే ఆ మాటలో న్యాయం ఉంది. కానీ కోడ్ రాసేవారికీ, టెస్టింగ్ చేసేవారికీ, లెక్కలు చూసేవారికీ అదే కొలబద్ద ఎందుకు? గ్రూప్ డిస్కషన్‌లో పక్కవాడి మాట తుంచి అరిచినవాడు గెలుస్తాడు, శ్రద్ధగా విన్నవాడు ఇంటికి వెళ్తాడు. నోరున్నవాడిదే రాజ్యమన్న సామెతను ఎంపిక విధానంగా మార్చుకున్నాం.

ఆ విధానంతో కంపెనీలకైనా లాభం ఉందా అంటే, అదీ అంతంతమాత్రమే. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ సాకెట్ బృందం దశాబ్దాల పరిశోధనలను మళ్లీ లెక్కవేసి 2022లో ప్రచురించింది. అందరికీ ఒకే ప్రశ్నలు అడిగి, ముందే అనుకున్న ప్రమాణాలతో మార్కులు వేసే ఇంటర్వ్యూకూ, ఆ తర్వాత ఉద్యోగంలో పనితీరుకూ ఉన్న సంబంధం 0.42గా తేలింది. నోటికొచ్చిన ప్రశ్నలతో పిచ్చాపాటీగా సాగే ఇంటర్వ్యూకు అది 0.19 మాత్రమే. ఒకటి అంటే పూర్తి సంబంధం, సున్నా అంటే ఏ సంబంధమూ లేనట్టు. మొదటి పద్ధతిలో అడిగితే బిడియస్థుడికీ మేలు, కంపెనీకీ మేలు. అయినా ‘మనిషిని చూడగానే చెప్పేస్తాను’ అనే పెద్దమనుషుల చేతుల్లోనే పిల్లల భవిష్యత్తు పెడుతున్నాం. ప్రభుత్వాలు ఈ విషయంలో కొంత ముందున్నాయి. కేంద్రం 2016 జనవరి 1 నుంచి గ్రూప్ సీ, నాన్ గెజిటెడ్ గ్రూప్ బీ పోస్టులకు ఇంటర్వ్యూలు తీసేసింది. తెలంగాణ 2022లో గ్రూప్-1, గ్రూప్-2లకూ తీసేసింది. పైరవీలను ఆపడానికే ఆ పని చేసినా, మాట రాని ప్రతిభావంతులకూ దారి దొరికింది. సివిల్స్‌లో సైతం ఇంటర్వ్యూకు 2025 మార్కుల్లో 275 మాత్రమే. ప్రైవేటులో మాత్రం అన్ని రౌండ్లూ దాటి వచ్చినవాళ్లను చివరి పావుగంట సంభాషణ తోసేయగలదు.

కంపెనీలను నిలదీసి ఊరుకుంటే మన తప్పు మరుగున పడుతుంది. ఈ పిల్లలు కంపెనీ గేటు దగ్గరికి ఎలా వచ్చారు? పదో తరగతి అవ్వగానే కార్పొరేట్ జూనియర్ కాలేజీ హాస్టల్. తెల్లవారకముందు స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రోజు. పదహారు, పదిహేడేళ్ల వయసులో మనిషికి మాట మీద, అభిప్రాయం మీద పట్టు వచ్చే కాలమంతా ఓఎంఆర్ షీట్ మీద వృత్తాలు దిద్దడంలో పోతుంది. సందేహం అడిగితే సిలబస్ ఆలస్యమవుతుంది. పక్కవారితో మాట్లాడితే క్రమశిక్షణ తప్పినట్టు. నిశ్శబ్దంగా ఉన్న తరగతే మంచి తరగతి, నోరు మెదపని పిల్లే మంచి పిల్ల. ‘మా అమ్మాయి అసలు మాట్లాడదండీ’ అని తల్లిదండ్రులే గర్వంగా చెప్పుకుంటారు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు వచ్చింది కాబట్టి ఎవరూ ఏమీ పోగొట్టుకోలేదనిపిస్తుంది. ఇంజినీరింగ్‌లో చాలాచోట్ల వైవా అంటే సంతకం, సెమినార్ అంటే డౌన్‌లోడ్ చేసిన స్లైడ్లు చదవడం. ఇన్నేళ్లు నోరు మూసుకోమని, నాలుగో ఏడాదిలో ఒక ఉదయం టై కట్టించి ‘నీ గురించి చెప్పు’ అంటున్నాం. చెప్పలేకపోతే ‘కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు’ అని ముద్ర వేస్తున్నాం. ఆ ముద్ర పిల్లల మీద వేయడం నాకు సమ్మతం కాదు. తెలుగు మీడియంలో చదివి వచ్చినవారి సంగతైతే ఇంకా ఘోరం. వాళ్ల జ్ఞానాన్నే అనుమానిస్తారు.

తెలంగాణ ఇంటర్ బోర్డు 2023-24 నుంచి ఇంగ్లిష్‌కు 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టింది. మంచి అడుగు. ఆ 20 మార్కులూ అందరికీ గంపగుత్తగా వేసేస్తే మాత్రం దండగ. బయటి ఎగ్జామినర్ రావాలి, ముందే తెలియని ప్రశ్న కనీసం ఒకటి అడగాలి, జవాబులో తప్పుల కంటే సొంత మాట ఎంత ఉందో చూడాలి. ఇంగ్లిష్‌తో ఆగకుండా తెలుగుకూ, ఫిజిక్స్‌కూ, ఎకనామిక్స్‌కూ నోటి పరీక్ష ఉండాలి. ఆంధ్రప్రదేశ్ కూడా ఈ పని చేయాలి. కాలేజీలు ఒప్పుకోవు, గంట పోతే ర్యాంకు పోతుందంటాయి. వాటిని కదిలించగలిగేది ఫీజు కట్టే తల్లిదండ్రులే. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు వీక్లీ టెస్టులో ఎన్ని మార్కులు వచ్చాయని అడిగాక, ఈ వారం మా పిల్ల క్లాసులో ఎన్నిసార్లు మాట్లాడిందో కూడా అడగండి. జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.