చొక్కాకిచ్చిన గౌరవం రాణికేదీ?

2024 అక్టోబరు 24న ఢిల్లీ మేజర్ ధ్యాన్‌చంద్ స్టేడియంలో, ఆటకు వీడ్కోలు చెప్పిన భారత మహిళల హాకీ జట్టు మాజీ కెప్టెన్ రాణి రాంపాల్‌కు, దేశంలో హాకీని నడిపే హాకీ ఇండియా సన్మానం చేసింది. ఆమె వేసుకున్న 28వ నంబరు జెర్సీని ఇక ఎవరికీ ఇవ్వబోమని ప్రకటించింది. చప్పట్లు మోగాయి, ఫొటోలు దిగారు. కానీ ఆ రోజు ఆ మైదానంలో ఆడింది భారత్, జర్మనీ పురుషుల జట్లు. పద్నాలుగేళ్లకే దేశం తరఫున బరిలోకి దిగి, 254 మ్యాచ్‌లు ఆడి, ఒలింపిక్స్‌లో కెప్టెన్సీ చేసిన అమ్మాయికి తన జట్టుతో కలిసి ఆడే చివరి మ్యాచ్ ఒక్కటి దొరకలేదు. వేరేవాళ్ల మ్యాచ్ రోజున పిలిచి పంపించేశారు.

అప్పటికి ఆమె వయసు ఇరవై తొమ్మిదే. ఇది మర్చిపోకూడదు.

రాణి కథ పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. హరియాణాలోని షాబాద్‌లో బండి లాగే తండ్రి, బల్దేవ్ సింగ్ శిక్షణ, 2010 ప్రపంచకప్‌లో పదిహేనేళ్ల పిల్లగా చేసిన హంగామా అందరికీ తెలుసు. 2019 నవంబరులో భువనేశ్వర్‌లో రెండో మ్యాచ్‌లో అమెరికా నాలుగు గోల్స్ కొట్టి టోక్యో ఒలింపిక్స్ బెర్తు లాగేసుకోబోతుంటే, ఆ ఒక్క గోల్ కొట్టి రెండు మ్యాచ్‌లూ కలిపి 6-5 ఆధిక్యంతో జట్టును ఒడ్డున పడేసింది రాణే. ఆ గోల్ లేకపోతే టోక్యోలో నాలుగో స్థానం లేదు, ఆస్ట్రేలియాపై గెలుపూ లేదు. టోక్యో తర్వాత గాయమైంది. 2022 ప్రపంచకప్ పోయింది, కామన్వెల్త్ క్రీడలూ పోయాయి. 2023 జనవరిలో దక్షిణాఫ్రికా పర్యటనకు తీసుకుంటే తొలి మ్యాచ్‌లోనే గోల్ కొట్టింది. ఆ తర్వాత మళ్లీ తలుపు మూసుకుంది. ఎందుకు?

ఈ ప్రశ్నకు హాకీ ఇండియా ఏనాడూ సూటిగా జవాబు చెప్పలేదు. ఫిట్‌నెస్ లేదా? ఫామ్ లేదా? కోచ్‌తో పడలేదా? ఏదైనా కావచ్చు. ఏదైనా సరే, చెప్పాలి కదా. ఆ జవాబు కోచ్ చెప్పాలని రాణి బహిరంగంగానే అన్నది. ఆ కోచ్ యానెకె షాప్‌మన్ 2024 ఫిబ్రవరిలో రాజీనామా చేసి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ తనకూ ఇక్కడ విలువ దక్కలేదని చెప్పి మరీ వెళ్లింది. ఇక అడగడానికి ఎవరున్నారు? సెలక్టర్లు మాట్లాడరు. ఆఫీసు నుంచి జట్టు పేర్ల జాబితా వస్తుంది, అందులో పేరు లేకపోతే లేనట్టే.

విచిత్రం చూడండి. 2023 మార్చిలో రాయ్‌బరేలీలో ఒక హాకీ మైదానానికి రాణి పేరు పెట్టారు. అదే ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల జట్టులో ఆమె పేరు లేదు. మధ్యలో అండర్-17 బాలికలకు కోచ్‌గా వెళ్లమన్నారు. అంటే స్టేడియం గోడ మీద ఉండటానికి పనికొచ్చింది, పిల్లలకు పాఠం చెప్పడానికి పనికొచ్చింది, ఆడటానికి మాత్రం పనికిరాలేదు. ఇప్పుడు చొక్కా దాచిపెట్టడానికీ పనికొచ్చింది. మనిషిని లోపలికి రానివ్వకుండా బయట ఆమె బొమ్మకు దండ వేయడాన్ని ఈ పత్రిక గౌరవం అనుకోదు.

జట్టును ఎంచుకునే హక్కు కోచ్‌ది, పేరు చూసి చోటివ్వకూడదు, కొత్తవాళ్లు రావాలి అనే వాదన ఉంది. ఒప్పుకుంటాం. రాణిని తప్పకుండా ఆడించాల్సిందే అని మేము అనడం లేదు. రాణి లేకుండానే హాంగ్‌ఝౌలో కాంస్యం వచ్చింది. రాణి లేకుండానే 2024 జనవరిలో రాంచీలో జపాన్ చేతిలో ఓడి పారిస్ ఒలింపిక్స్‌కు దూరమయ్యాం కూడా. ఆమె ఉంటే గెలిచేవాళ్లమా అంటే ఎవరూ చెప్పలేరు. మా గొడవ అది కాదు. కారణం చెప్పకుండా పక్కనపెట్టి, ఆమె అలిసిపోయి తప్పుకున్నాక సన్మానం చేసి చేతులు దులుపుకోవడం ఒక ఆనవాయితీగా మారుతోంది. మా గొడవ దానితోనే.

ఆనవాయితీ అని ఊరికే అనడం లేదు. 1998 డిసెంబరులో బ్యాంకాక్‌లో ముప్పై రెండేళ్ల తర్వాత ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన జట్టు ఇంటికొచ్చాక ఏమైంది? కెప్టెన్ ధన్‌రాజ్ పిళ్లై, ఫైనల్‌ను కాపాడిన గోల్‌కీపర్ ఆశిష్ బల్లాల్ సహా సీనియర్లను విశ్రాంతి పేరుతో పక్కన పెట్టారు. మ్యాచ్ ఫీజుల గురించి నోరెత్తినందుకే ఈ శిక్ష అని దేశమంతా అనుకుంది. 2016లో ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన జట్టు కెప్టెన్ రీతూ రాణిని రియో విమానం ఎక్కబోయే ముందు తీసేశారు. 2018లో పురుషుల జట్టు మాజీ కెప్టెన్ సర్దార్ సింగ్ వంతు వచ్చింది. ఫిట్‌నెస్ పరీక్షల్లో కుర్రాళ్లతో పోటీపడే సర్దార్, ఆసియా క్రీడల నుంచి తిరిగొచ్చిన కొద్ది రోజులకే శిబిరం జాబితాలో తన పేరు లేకపోవడంతో ఆటకు దండం పెట్టాడు. అప్పుడు భారత హాకీ సమాఖ్య, ఇప్పుడు హాకీ ఇండియా. బోర్డు మీద పేరు మారిందే తప్ప పద్ధతి అదే.

పద్ధతిగా పంపడం వీళ్లకు తెలియదా అంటే, బ్రహ్మాండంగా తెలుసు. 2024 ఆగస్టులోనే చూశాం. పురుషుల జట్టు గోల్‌కీపర్ శ్రీజేష్ పారిస్‌కు ముందే ఇదే తన చివరి టోర్నీ అని ప్రకటించాడు. జట్టు మొత్తం అతని కోసం ఆడింది. స్పెయిన్‌పై 2-1తో గెలిచి కాంస్యం మెడలో వేసుకుని, ముప్పై ఆరేళ్ల వయసులో గోల్‌పోస్టు ఎక్కి కూర్చున్నాడు. అతని 16వ నంబరు జెర్సీనీ విశ్రాంతికి పంపారు, జూనియర్ల కోచ్‌గానూ వేశారు. ఆ గౌరవానికి అతను నూటికి నూరుపాళ్లు అర్హుడు. కానీ అదే జెర్సీ లాంఛనం, అదే కోచ్ పదవి రాణికీ ఇచ్చి ఇద్దరినీ సమానంగా చూశామని చెప్పుకుంటే నమ్మడానికి ఎవరూ సిద్ధంగా లేరు. అతను ఆడుతూ వెళ్లాడు. ఆమె జాబితా కోసం ఎదురుచూసి చూసి వెళ్లింది.

బయటి దేశాల్లో ఎలా ఉందో కూడా చూడండి. అర్జెంటీనా లూసియానా ఐమార్ ముప్పై ఏడేళ్ల వయసులో, సొంతగడ్డపై మెండోజాలో 2014 చాంపియన్స్ ట్రోఫీ ఎత్తి వీడ్కోలు తీసుకుంది. డచ్ ఆటగాడు టేన్ డి నూయిర్ 1996 నుంచి 2012 దాకా అయిదు ఒలింపిక్స్ ఆడాడు. 2006లో అరంగేట్రం చేసిన ఆస్ట్రేలియా ఎడీ ఓకెండన్ చేతికి 2024 పారిస్ ఒలింపిక్స్‌లో దేశం జెండా ఇచ్చి ముందు నడిపించారు. అక్కడ తండ్రి చూసిన ఆటగాడినే కొడుకూ చూస్తాడు. హాకీకి అభిమానులు అలాగే పుడతారు. మనకేమో స్టాండ్లు ఎందుకు ఖాళీగా ఉంటున్నాయో తెలియక తలలు పట్టుకోవడం అలవాటైపోయింది.

తెలుగువాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. మూడు ఒలింపిక్స్ ఆడిన మన హైదరాబాద్ ముకేశ్ కుమార్ ఎప్పుడు, ఎలా తప్పుకున్నాడో నగరంలో ఎందరికి గుర్తుంది? చిత్తూరు జిల్లా అమ్మాయి రజని ఎతిమర్పు ఏళ్ల తరబడి సవిత వెనక రెండో గోల్‌కీపర్‌గా ఓపిక పట్టింది, టోక్యోకు వెళ్లినా రిజర్వుగానే వెళ్లింది. రేపు ఆమెకైనా ఎవరో ఒకరు ఎదురుగా కూర్చోబెట్టి మాట చెబుతారా, లేక ఆమె కూడా జాబితాలోనే చూసుకోవాలా? క్రికెట్‌లో డబ్బుంది కాబట్టి అక్కడ వేరుగా ఉంటుందనుకోవద్దు. ఇరవై మూడేళ్లు ఆడిన మిథాలీ రాజ్ కూడా వీడ్కోలు మ్యాచ్ లేకుండా ట్విట్టర్‌లో నాలుగు మాటలు రాసి వెళ్లిపోయింది.

హాకీ ఇండియా అధ్యక్షుడు దిలీప్ తిర్కీ. దేశం తరఫున 412 మ్యాచ్‌లు ఆడిన మనిషి. సుదీర్ఘంగా ఆడటమంటే ఏమిటో, ఒళ్లు సహకరించని రోజుల్లో డ్రెస్సింగ్ రూమ్‌లో ఎలా ఉంటుందో, పేరు లేని జాబితా చూస్తే ఎలా ఉంటుందో ఎవరూ ఆయనకు చెప్పనక్కర్లేదు. ఏనాడూ హాకీ కర్ర పట్టని అధికారి కుర్చీలో ఉంటే సరేలే అని సరిపెట్టుకునేవాళ్లం. తిర్కీకి ఆ వెసులుబాటు లేదు. 2022 నుంచి ఆ కుర్చీలో కూర్చుని రాణి విషయంలో ఆయన ఏం చేశారు? ఎన్నిసార్లు ఆమెతో మాట్లాడారు? సెలక్టర్లను కారణం రాసివ్వమని అడిగారా?

సవిత, నాలుగు ఒలింపిక్స్ ఆడిన మన్‌ప్రీత్ ముప్పై దాటినవాళ్లే. వాళ్ల విషయంలోనూ ఇదే తంతు జరిపి, ఆ తర్వాత తీరిగ్గా జెర్సీ నంబర్లు వెతుక్కోకండి. సీనియర్‌ను తీసేసినప్పుడు కారణాన్ని ఆ ఆటగాడికి కాగితం మీద రాసివ్వండి. వంద మ్యాచ్‌లు దాటినవాళ్లకు సొంత జట్టుతో ఒక చివరి మ్యాచ్ ఆడించండి. ఇందుకు విదేశీ కోచ్ అక్కర్లేదు, స్పాన్సర్ అంతకన్నా అక్కర్లేదు. ఈ మాత్రం కూడా చేతకాకపోతే వచ్చేసారి ఆ సన్మాన సభకు మమ్మల్ని పిలవకండి.