శాంటాకు మిగిలేది అర సెకనే

డిసెంబరు వచ్చిందంటే క్రిస్మస్‌కు ఒక్క రాత్రిలో ఇంటింటికీ కానుకలు పంచే శాంటా బండి వేగం మీద వ్యాసాలు మొదలవుతాయి, వెనకే పెదవి విరుపులూ మొదలవుతాయి. నేను శాంటా పక్షం.

ఒక లెక్క చూడండి. తూర్పు నుంచి పడమరకు వెళ్తే టైమ్ జోన్లు కలిసొచ్చి శాంటాకు 31 గంటలు దొరుకుతాయని ఏటా వినే మాటే. అంటే 1,11,600 సెకన్లు. పది కోట్ల ఇళ్లు అనుకుంటే సెకనుకు దాదాపు 900 ఇళ్లు. ఇంటికీ ఇంటికీ మధ్య కిలోమీటరు వేసుకుంటే వేగం సెకనుకు 900 కిలోమీటర్లు. భూకక్ష్య నుంచి దిగే వ్యోమనౌక వేగం సెకనుకు 8 కిలోమీటర్ల లోపే. దానికే గాలి తగలగానే కవచం ఎర్రగా కాగిపోతుంది. శాంటా వేగం దానికి నూరు రెట్లు పైన, గతిశక్తి కిలోకి పదివేల రెట్లు పైన. ఇక ఆ బండిని లాగే రెయిన్‌డీర్ల సంగతి మీరే ఊహించుకోండి.

అసలు మజా ఆ తర్వాత ఉంది. అంత జోరుగా తిరుగుతాడు కాబట్టే, వేగంగా కదిలేవారికి కాలం నెమ్మదిగా నడుస్తుందనే ఐన్‌స్టీన్ సాపేక్షత పుణ్యమా అని, శాంటాకు వయసు మీద పడదని ఒక చమత్కారం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ సెకనుకు 900 కిలోమీటర్లంటే కాంతి వేగంలో 0.3 శాతమే! ఆ 31 గంటలూ తిరిగినా అతనికి కలిసొచ్చేది అర సెకను. జోకు పుట్టిన లెక్కే జోకును తినేసింది. భౌతికశాస్త్రం అంటే నా దృష్టిలో ఇదే.

ఇలాంటివి శాస్త్రాన్ని పలచన చేస్తాయని, పిల్లలకు శాంటా గుర్తుండి సూత్రం గుర్తుండదని కొందరి బాధ. కొంత నిజమే. 'శాంటా క్వాంటం స్థితిలో ఉంటాడు, అందుకే కనబడడు' లాంటి రాతల్లో లెక్క లేదు, లేబుల్ మాత్రమే ఉంది. వాటిని నేనూ వెనకేసుకురాను.

అయినా ఆటను చిన్నచూపు చూసేవారు ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్‌ను ఏమంటారు? 1611లో ఆయన తన పోషకుడికి ఇచ్చిన కొత్త సంవత్సరం కానుక, మంచు రేకకు ఆరు మూలలే ఎందుకని అడిగే చిన్న పుస్తకం. జవాబు దొరకలేదు, రసాయనశాస్త్రానికి వదిలేశాడు. దారిలో గుండ్లను ఎలా పేరిస్తే తక్కువ చోటు పడుతుందో ఊహించాడు. దాన్ని అమెరికా గణితవేత్త థామస్ హేల్స్ 1998లో నిరూపించేదాకా గణితవేత్తలకు నిద్ర లేదు. విద్యుత్తు మీద పరిశోధనలు చేసిన శాస్త్రవేత్త ఫారడే అయితే లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్ క్రిస్మస్ ఉపన్యాసాల్లో ఒక్క కొవ్వొత్తిని పట్టుకుని పిల్లలకు శాస్త్రం చెప్పాడు.

మన చదువుల్లో లేనిది ఈ ధైర్యమే. ఇచ్చిన విలువలు సూత్రంలో వేయడం వచ్చు, విలువలు ఇవ్వకపోతే చేతులెత్తేస్తాం. 'సుమారుగా ఎంత?' అని అడిగితే తప్పవుతుందని టెన్షన్. అందుకే వార్తల్లో లక్షల కోట్లు వినబడితే నోరెళ్లబెడతాం తప్ప, తలకు ఎంత పడుతుందో భాగించి చూడం.

ఇంతకీ కిలోమీటరు మరీ ఎక్కువ, అర కిలోమీటరే వేసుకోవాలంటారా? వేసుకోండి. వేగం సగమవుతుంది. కలిసొచ్చే కాలం మాత్రం సగం కాదు, నాలుగో వంతు.