చీర కట్టుకుంటే క్రూయిజ్‌లో డిన్నర్‌కి రానివ్వరన్నది అబద్ధం

ఈ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. కడపలో నాకు తెలిసిన మూడు గ్రూపుల్లో తిరిగింది, మా ఇంటి గ్రూపులో మా చిన్నమామ పెట్టాడు, అక్కడే గొడవ మొదలైంది. అందులో ఉన్నది ఇది: లగ్జరీ క్రూయిజ్ ఓడల్లో రోజూ రాత్రి భోజనానికి మగవాళ్లు సూటు, టై, ఆడవాళ్లు గౌను వేసుకోవాల్సిందే. చీర, పంచె కట్టుకుంటే గుమ్మంలోనే ఆపేస్తారు. డ్రెస్ లేనివాళ్లకు ఆ రాత్రి పస్తే. ఇది బ్రిటిష్‌వాళ్ల కాలం నుంచి మారని రూలు. టికెట్ ఎంత ఖరీదైతే రూలు అంత గట్టిగా ఉంటుంది. చివర్లో ఒక మాట: "కాబట్టి మనలాంటి వాళ్లకు క్రూయిజ్‌లు పనికిరావు."

ఆ చివరి మాట కోసమే ఇంత రాస్తున్నాను. డల్లాస్‌లో ఉండే మా అన్న, అమ్మానాయనల నలభయ్యో పెళ్లిరోజుకని ఫ్లోరిడా నుంచి ఏడు రాత్రుల క్రూయిజ్ బుక్ చేశాడు. ఈ మెసేజ్ వచ్చిన రోజు సాయంత్రం అమ్మ బీరువా ముందు కూర్చుని, ప్రొద్దుటూరులో కొన్న ధర్మవరం పట్టుచీర మడత విప్పింది, జరీ అంచు మీద ఒకసారి చెయ్యి పెట్టి చూసుకుంది, మళ్లీ అదే మడతల్లో మడిచి లోపల పెట్టేసింది. "నేను రాను లేమ్మీ, మీరు పోయిరాండి. ఆ గౌన్లూ అవీ నాకేంటికి" అంది. నలభై ఏళ్లుగా ప్రతి శుభకార్యానికీ తలెత్తుకుని కట్టుకున్న చీర, ఎవరో ఊరూపేరూ లేకుండా రాసిన పది లైన్లకు ఆమెకు తక్కువగా అనిపించింది. నాకు కడుపు రగిలిపోయింది. రెండు రాత్రులు కూర్చుని కంపెనీల వెబ్‌సైట్లలో డ్రెస్ రూల్స్ పేజీలు ఒక్కొక్కటే చదివాను. తర్వాత వాళ్లతో పాటు నేనూ వెళ్లి కళ్లారా చూసొచ్చాను. కాబట్టి ఒక్కో మాటా తీసుకుని చెబుతాను.

"రోజూ సూటు, టై తప్పనిసరి." కాదు. ఫార్మల్ నైట్, అంటే అందరూ ముస్తాబై భోజనానికి వచ్చే రాత్రి, అనే పద్ధతి ఉన్న కంపెనీల్లో కూడా ఏడు రాత్రుల ట్రిప్‌లో అలాంటివి సాధారణంగా రెండే ఉంటాయి. మొదటి రాత్రి అసలు పెట్టరు. పెద్ద ఓడలో వేల మంది ఎక్కుతారు, సూట్‌కేసులు గదులకు చేరేసరికి సాయంత్రం అవుతుంది, బట్టలే చేతికి రానివాళ్లను ముస్తాబై రమ్మంటే ఎలా? ఈ వెసులుబాటు ఇప్పటిది కాదు, సముద్రాలు దాటించే పాత కాలం లైనర్ ఓడల్లో కూడా మొదటి రాత్రి ముస్తాబు కాకపోవడం ఆనవాయితీ. మిగతా రాత్రులకు కాలర్ ఉన్న చొక్కా, ప్యాంటు చాలు. మనం రిసెప్షన్‌కి వేసుకెళ్లే బట్టలు అంతకంటే బాగానే ఉంటాయి.

ఇక ఆ రెండు రాత్రుల సంగతి. ఇక్కడే గత పాతికేళ్లలో ఎక్కువ మార్పు వచ్చింది. నార్వీజియన్ కంపెనీ 2000లోనే "ఫ్రీస్టైల్" అని పెట్టి, ఫార్మల్ డ్రెస్ తప్పనిసరి అనేదాన్నే తీసేసింది, ముస్తాబవ్వాలనుకుంటే అవ్వండి లేదంటే లేదు అంది. సెలబ్రిటీ కంపెనీ 2015 చివర్లో ఫార్మల్ నైట్స్ ఎత్తేసి "ఈవెనింగ్ చిక్" అని పేరు మార్చింది. హాలండ్ అమెరికా కూడా అదే ఏడాది ఫార్మల్‌ని "గాలా" చేసింది, తర్వాత దాన్ని ఇంకా తేలిక చేసి "డ్రెస్సీ" అంటోంది. కార్నివాల్‌లో "ఎలిగెంట్" నైట్ ఉంటుంది గానీ, సూటు వేసుకోవాలనిపిస్తే వేసుకోమంటారు అంతే, మంచి చొక్కా, ప్యాంటుతో వెళ్లినా చాలు. వర్జిన్ వాళ్ల ఓడల్లో ఫార్మల్ నైట్ ఊసే లేదు, ఒక రాత్రి మాత్రం అందరూ ఎర్ర బట్టలు వేసుకుని సరదాగా గడుపుతారు.

ఇంకా గట్టిగా పట్టుకున్నది క్యూనార్డ్, క్వీన్ మేరీ 2 నడిపేవాళ్లు. అక్కడ గాలా రాత్రుల్లో టక్సీడో (బో టైతో వేసుకునే నల్ల విందు సూటు) గానీ డిన్నర్ జాకెట్ గానీ టై కట్టిన ముదురు రంగు సూటు గానీ ఉండాలంటారు, చాలామంది ఆ ముస్తాబు కోసమే ఆ ఓడ ఎక్కుతారు కూడా. కానీ గాలా కాని మామూలు రాత్రుల్లో అక్కడా టై అక్కర్లేదు. ఫార్వర్డ్ రాసినాయన ఇలాంటి ఒక్క కంపెనీ రూలు గురించి ఎక్కడో విని, దాన్ని ప్రపంచంలోని ఓడలన్నిటికీ అంటగట్టాడని నా అనుమానం.

"చీర, పంచె కట్టుకుంటే గుమ్మంలోనే ఆపేస్తారు." ఇది అన్నిటికంటే పెద్ద అబద్ధం, మా అమ్మను ఏడిపించింది కూడా ఇదే. ఇప్పుడే చెప్పానే, అందరికంటే గట్టి రూల్స్ ఉన్న క్యూనార్డ్ అని, గాలా రాత్రికి ఏం వేసుకోవచ్చో చెప్పేటప్పుడు వాళ్లు కూడా ఎవరి దేశపు సంప్రదాయ దుస్తులు వాళ్లు వేసుకోవచ్చనే అంటారు. స్కాట్లాండ్ వాళ్లు గళ్ల కిల్ట్‌లో వస్తారు, మనం పట్టుచీరలో, బంద్‌గలాలో, పంచెలో వెళ్తాం. రెండూ ఫార్మలే. పట్టుచీర సాయంత్రపు గౌను కంటే ఒక మెట్టు దిగువ అని రాసిన రూలు నేను చదివిన ఏ పేజీలోనూ లేదు.

మేము వెళ్లిన ఓడలో రెండో రాత్రి ఫార్మల్ నైట్. అమ్మ ఆ ధర్మవరం చీరే కట్టింది, ముదురు ఆకుపచ్చ, మామిడిపిందెల అంచు. నాయన పంచె, లాల్చీ, భుజాన కండువా. ఓడ మీద గాలికి పంచె నిలవదని గోచి పెట్టి కట్టుకున్నాడు. కింద మాత్రం నేను పట్టుబట్టి అన్న పెళ్లికి కొన్న నల్లబూట్లు వేయించాను, "పంచెకు బూట్లేంది" అని గొణుగుతూనే వేసుకున్నాడు. లిఫ్ట్ దిగి డైనింగ్ హాలు దాకా నడుస్తుంటే అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది. గుమ్మం దగ్గర నిలబడిన అమ్మాయి మా గది నంబరు అడిగింది, చేతిలోని ట్యాబ్‌లో చూసుకుంది, "గుడ్ ఈవెనింగ్" అని టేబుల్ వైపు దారి చూపించింది. అంతే. ఎవరూ ఆపలేదు, ఎవరూ తేరిపార చూడలేదు. అమ్మ కుర్చీలో కూర్చున్నాక, "ఇంతేనా?" అని మెల్లగా నన్నే అడిగింది.

ఆపిన సంఘటన కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే సగం నిజం చెప్పినట్టవుతుంది. నాలుగో రాత్రి మా అన్న కొడుకు, పద్నాలుగేళ్లవాడు, బాస్కెట్‌బాల్ నిక్కరు, టోపీతో వచ్చాడు. అదే అమ్మాయి అంతే మర్యాదగా, గదికి వెళ్లి ప్యాంటు వేసుకుని రమ్మంది. వాడి పక్కనే నిలబడ్డ తాత పంచెతో లోపలికి వెళ్లాడు. ఓడల్లో నిజంగా కాదనేవి ఇలాంటివే: ఈతకు వేసుకునేవి, జిమ్ నిక్కర్లు, మగవాళ్లకు చేతుల్లేని బనియన్లు, హవాయి చెప్పులు, చిరుగుల జీన్స్. లుంగీ కట్టుకుని వెళ్తే ఆపినా నేను తప్పుపట్టను, లుంగీతో మనం మాత్రం పెళ్లి భోజనానికి కూర్చుంటామా?

ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియకపోలేదు. పంచె కట్టుకున్నవాళ్లను గుమ్మంలో ఆపిన చరిత్ర ఉన్నది మన దేశంలోని క్లబ్బులకే. 2014 జులైలో చెన్నైలో క్రికెట్ అసోసియేషన్ క్లబ్బులో జరిగిన ఒక కార్యక్రమానికి వెళ్లిన మద్రాసు హైకోర్టు జడ్జినే పంచె కట్టుకున్నాడని లోపలికి పోనివ్వలేదు. పెద్ద దుమారం రేగింది, అదే ఏడాది తమిళనాడు అసెంబ్లీ అలా ఆపడం కుదరదని చట్టం చేయాల్సి వచ్చింది. మన గడ్డ మీద మనవాళ్లు పెట్టుకున్న రూలు అది. దాన్ని తీసుకెళ్లి సముద్రం మీది ఓడలకు తగిలించి, మన పెద్దవాళ్లను భయపెట్టడం ఏం న్యాయం?

"డ్రెస్ లేకపోతే ఆ రాత్రి పస్తే." దీని మీద ఎక్కువ చెప్పేదేం లేదు. డ్రెస్ రూలు ఉండేది మెయిన్ డైనింగ్ హాలుకు, కొన్ని ప్రత్యేక రెస్టారెంట్లకు. అదే సమయానికి పైన బఫే తెరిచే ఉంటుంది, మామూలు బట్టలతో వెళ్లొచ్చు, ఆ తిండి టికెట్‌లోనే వచ్చేస్తుంది. క్యూనార్డ్ ఓడల్లో కూడా గాలా రాత్రి ముస్తాబు వద్దనుకునేవాళ్లకు బఫే, పబ్బు ఉంటాయి. శాకాహారులైతే డ్రెస్ గురించి కాదు, తిండి గురించి బుకింగ్ అప్పుడే చెప్పిపెట్టుకోండి, అది అసలు పని.

"బ్రిటిష్‌వాళ్ల కాలం నుంచి మారని రూలు." మారలేదంటే ఎట్లా? ఇప్పుడు అందరూ భయపడే ఆ టక్సీడో చరిత్రే మార్పు చరిత్ర. అప్పట్లో రాత్రి విందుకు వెనక తోకలు వేలాడే పొడుగు కోటు వేసుకునేవాళ్లు. 1865లో బ్రిటన్ యువరాజు, తర్వాత ఏడో ఎడ్వర్డ్ అయిన ఆయన, ఇంట్లో హాయిగా భోంచేయడానికి తోకలు లేని పొట్టి కోటు కావాలని లండన్‌లో హెన్రీ పూల్ దర్జీల దగ్గర కుట్టించుకున్నాడు. అది 1886లో న్యూయార్క్ దగ్గరి టక్సీడో పార్కుకు చేరి ఆ పేరు తెచ్చుకుంది. అంటే ఈ రోజు అన్నిటికంటే పెద్ద ఫార్మల్ అనుకుంటున్న ఈ కోటు, పుట్టినప్పుడు తేలికపాటి ఇంటి బట్ట.

గాంధీజీ 1931 ఆగస్టులో బొంబాయి నుంచి ఇంగ్లండుకు రాజ్‌పుటానా అనే ఓడలోనే వెళ్లారు, కొల్లాయి గుడ్డతోనే. అదే గుడ్డ, మీద శాలువాతో నవంబరులో బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో అయిదో జార్జి రాజు ఇచ్చిన తేనీటి విందుకూ వెళ్లారు. రాజుగారి ఇంట్లోనే చెల్లిన బట్ట ఇప్పుడు ఓడలో చెల్లదంటే ఎలా నమ్ముతాం?

ఈ మధ్య మార్పుకైతే కారణాలు చాలా మామూలువి. పూర్వం లైనర్ ఎక్కేవాళ్లు రైలు దిగి నేరుగా రేవుకు వచ్చేవాళ్లు, ట్రంకు పెట్టెలు ఎన్నయినా ఓడ మోసేది. ఇప్పుడు విమానంలో వచ్చి ఓడ ఎక్కాలి. 2008లో అమెరికా విమాన కంపెనీలు మొదటి బ్యాగుకు కూడా డబ్బులు తీసుకోవడం మొదలుపెట్టాయి. ఒక్క రాత్రికి సూటు, బూట్లు, గౌను ఎవరు మోస్తారు? అమెరికా పోయే పిల్లలకు 23 కిలోల బ్యాగు సర్దేటప్పుడు పచ్చడి డబ్బా పెట్టాలా బెడ్‌షీట్ పెట్టాలా అని స్ప్రింగ్ త్రాసుతో కొట్లాడే మన ఇళ్లకు ఇది వేరే చెప్పాలా? దానికి తోడు ఆఫీసుల్లోనే టై పోయింది, పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలు పెరిగాయి, ఒకే ఓడలో పది రకాల రెస్టారెంట్లు వచ్చాయి, కరోనా తర్వాత ఓడలు మళ్లీ కదిలినప్పుడు జనాన్ని రప్పించాలని కొన్ని కంపెనీలు ఇంకొంచెం వదులు చేశాయి.

నాకు వ్యక్తిగతంగా ఆ ముస్తాబు రాత్రి నచ్చింది, అది పూర్తిగా పోకూడదనే అనుకుంటాను. మెట్ల దగ్గర ఫొటోగ్రాఫర్లు వరసగా తెరలు కట్టుకుని నిలబడితే, అమ్మానాయనలు పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఇప్పుడు మా హాల్లో ఉంది. బలవంతం వేరు, ముచ్చట వేరు.

"టికెట్ ఎంత ఖరీదైతే అంత కఠినం." చాలాచోట్ల ఇది తలకిందులు. ఖరీదులో పైనుండే వైకింగ్, ఓషియానియాల్లో ఫార్మల్ నైట్స్ లేనేలేవు, కోటు, టై అడగరు. రాయల్ కరీబియన్, ప్రిన్సెస్ లాంటి మధ్యతరగతి కుటుంబాలు కూడా ఎక్కే ఓడల్లో ఫార్మల్ నైట్స్ ఇప్పటికీ ఉన్నాయి. ధరకూ డ్రెస్‌కూ ముడి పెట్టడం కుదరదు, కంపెనీని బట్టి, ఒక్కోసారి ఆ ట్రిప్‌ని బట్టి మారుతుంది.

"మనలాంటి వాళ్లకు పనికిరావు." 2022 జూన్‌లో విశాఖ నుంచి కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ ఓడ పుదుచ్చేరి, చెన్నైల వైపు బయల్దేరింది, అప్పటి నుంచి మనవాళ్లు కూడా క్రూయిజ్ మాట ఎత్తుతున్నారు, ఎత్తాలి కూడా. డబ్బు సరిపోదంటే అది వేరే లెక్క, ఒప్పుకుంటాను. ఓడ పడదు, వాంతులవుతాయి అంటే అదీ ఒప్పుకుంటాను, నాయనకు మొదటి రోజంతా అదే పని. కానీ మన కట్టూబొట్టూ అడ్డం అంటే మాత్రం ఒప్పుకోను. చిన్నమామకు ఈ మాటే గ్రూపులోనే చెప్పాను, ఆయన మెసేజ్ తీసేశాడు, కానీ అప్పటికే అది ఇంకెన్ని ఇళ్లకు పోయిందో.

మొన్న మా వీధిలో ఒకావిడ, కొడుకు వచ్చే నెల సింగపూర్ నుంచి క్రూయిజ్‌కు తీసుకుపోతున్నాడు, ఏం సర్దుకోవాలి అని అడిగింది. ముందు కంపెనీ పేరు కనుక్కోమన్నాను, వాళ్ల వెబ్‌సైట్‌లో ఏం వేసుకోవాలో చెప్పే పేజీ ఉంటుంది, కొడుకుతో అది చదివించుకోమన్నాను. తర్వాత రెండు పట్టుచీరలు, వాళ్లాయనకు ఇస్త్రీ చేసిన పంచె, లాల్చీ, వేళ్లు కనబడని బూట్లు ఒక జత రాయించాను. శాలువా కూడా పెట్టుకోమన్నాను, ఆ డైనింగ్ హాలు ఏసీకి అమ్మ రెండో రాత్రి భోజనం అయ్యేదాకా పైట భుజాల నిండా కప్పుకునే కూర్చుంది.