తకధిమి వచ్చినవాడికి నొటేషన్ ఎందుకంటే

మృదంగం, డోలక్, కహోన్ (పెట్టెలాంటి వాద్యం) వాయించేవాళ్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతూ ఉంటుంది. చేతివాద్యగాడికి నొటేషన్, అంటే సంగీతాన్ని గుర్తులతో కాగితం మీద రాసే పద్ధతి, అక్కర్లేదట, లయ రక్తంలోనే ఉండాలట. నొటేషన్ అనేది స్వరాలు పలికించేవాళ్ల గొడవట. కాగితం చూసి వాయిస్తే మనోధర్మం, అంటే అప్పటికప్పుడు సొంతంగా కల్పించే నేర్పు, పోతుందట. పైగా గురువు లేకుండా అది ఎవరికీ రాదట. కింద వరసగా చప్పట్ల బొమ్మలు. ఒకప్పుడు నేనూ కొట్టాను ఆ చప్పట్లు.

లయ రక్తంలో ఉండడం సంగతి ముందు చెప్తాను. ఒక ఫ్యూజన్ కచేరీకి మృదంగం వాయించమని పిలిచి, రిహార్సల్లో చేతికి స్టాఫ్ నొటేషన్, అంటే ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య పద్ధతి, కాగితం ఇచ్చారు. అందులో ఒకచోట లావుపాటి అడ్డగీత, దానిమీద 12 అంకె. పన్నెండు బీట్లు ఆగాలి కాబోలనుకుని, లెక్కపెట్టి మరీ ధీం అని గట్టిగా కొట్టాను. అది పన్నెండు బార్లు ఆగమని. బార్ అంటే కొన్ని బీట్ల విభాగం. బారుకు నాలుగు బీట్లుండే ఫోర్ బై ఫోర్‌లో పన్నెండు బీట్లంటే మూడు బార్లే. వయొలిన్లు మెత్తగా మొదలెడుతున్న నాలుగో బార్ నెత్తిన పడింది నా ధీం. లయ ఎక్కడా తప్పలేదు మరి! తప్పింది చదవడం.

స్వరాలవాళ్ల గొడవ అన్నది అసలు తలకిందులు మాట. ఐదు గీతల మీద ఏ చుక్క ఏ స్వరమో గుర్తుపట్టడం పాడేవాళ్లకూ వయొలిన్ వాళ్లకూ ఉండే బరువు. మనకు ఆ బరువు లేదు. తాళవాద్యాల కాగితం మొదట్లో రెండు లావుపాటి నిలువు గీతలు కనిపిస్తాయి, అదే పెర్కషన్ క్లెఫ్. దాని అర్థం, ఇక్కడ శ్రుతి వెతక్కు అని. మనకు మిగిలేది కాలం ఒక్కటే. అందులోనూ ఒక తిరకాసు ఉంది, ఎవరూ ముందుగా చెప్పరు. క్వార్టర్ నోట్ (ఒక బీటు) రాసి ఉన్నా, ఎయిత్ నోట్ (అర బీటు) పక్కన ఎయిత్ రెస్ట్ (అర బీటు విరామం) రాసి ఉన్నా, మృదంగం మీద ‘త’ ఒక్కలాగే వినిపిస్తుంది. దెబ్బ ఎంతసేపు మోగాలో కాదు, తరవాతి దెబ్బ ఎప్పుడు పడాలో చూసుకోవాలి. ఇది తలకెక్కితే సగం భయం పోతుంది.

ఇక మనోధర్మం. మన పాటగాళ్లు స్వరాలు రాసిన పుస్తకాలు చూసే గీతాలు, వర్ణాలు సాధన చేస్తారు. సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని 1904లోనే తెలుగు లిపిలో, గమకాలకు గుర్తులతో సహా అచ్చు వేయించారు. దాన్ని చూసి నేర్చుకున్నవాళ్లకు రాగాలాపన రాకుండా పోయిందని ఎవరూ అనలేదే? మద్దెలవాడికి మాత్రం కాగితం తగిలితే చేయి పడిపోతుందా?

నా అనుభవంలో కాగితం ఇచ్చిందే ఎక్కువ. ఆదితాళంలో చివరి నాలుగు క్రియలు, అంటే చేత్తో వేసే తాళపు లెక్కలు, తీసుకోండి. చతురశ్ర గతిలో క్రియకు నాలుగు చొప్పున 16 అక్షరాలు. ఒక అక్షరం ఆగి, ఐదక్షరాల తధిగిణతొం మూడుసార్లు. ఒకటీ పదిహేనూ కలిపి పదహారు, లెక్క సరిపోయింది. ఏళ్లుగా వాయిస్తున్న ముక్తాయింపే (ముగింపు జతి) ఇది. ఒకరోజు దాన్ని సిక్స్టీన్త్ నోట్లలో రాశాను. అక్కడ నాలుగేసి నోట్లను పైన గీతతో కలిపి కడతారు, ఒక్కో కట్ట ఒక్కో బీటు. ‘త’లకు పెన్సిలుతో సున్నా చుట్టి చూస్తే మొదటి కట్టలో రెండో నోటు, రెండో కట్టలో మూడోది, మూడో కట్టలో నాలుగోది. మెట్లు దిగుతున్నట్టు ఒక్కో స్థానం జరుగుతోంది. నాలుగో ‘త’ ఉంటే ఎక్కడ పడుతుందా అని చూశాను, సరిగ్గా సమం, అంటే తాళం మొదలయ్యే చోటు, మీద! ఇన్నాళ్లూ చేతికి తెలిసింది కంటికి కనపడింది. ఆ తరవాత ఇలాంటివి సొంతంగా కట్టడం మొదలుపెట్టాను.

ఆ మెసేజ్‌లో లేని, ఉండాల్సిన అభ్యంతరం ఒకటుంది. తొప్పి (మృదంగం ఎడమ వైపు) మీద గుమికి, అంటే జారే నాదం, ఎలా పలకాలో ఏ నొటేషనూ చెప్పలేదు. అరచాపు అనే దెబ్బ తీరు కాగితం మీదికి రాదు. దానికి గురువు పక్కన కూర్చోవాల్సిందే, అందులో నాకు వాదన లేదు.

కానీ గురువు లేకుండా చదవడం కూడా రాదంటేనే ఒప్పుకోను. చేయి పెట్టడం వేరు, చదవడం వేరు. సొల్లుకట్టు (నోటితో పలికే జతులు) నోటికి వచ్చినవాడికి సగం పని ముందే అయిపోయింది. తకధిమి అంటే ఒక బీటులో నాలుగు సిక్స్టీన్త్ నోట్లు, తకిట తిశ్ర గతిలో అయితే ట్రిప్లెట్, అంటే బీటుకు మూడు నోట్లు. నేను కొత్త పుస్తకమేదీ కొనలేదు. నాకు కంఠస్థంగా వచ్చిన పాఠాలనే రోజుకు నాలుగు బార్లు రాసి, వారం తరవాత మెట్రోనోమ్ 60లో పెట్టుకుని కొత్తవాటిలా చదివేవాణ్ణి. మొదట నోటితో, తరవాతే చేత్తో. రాసింది తప్పయితే నోరే పట్టిచ్చేది. నన్ను ఎక్కువ ఏడిపించింది బారుకు ఏడు ఎయిత్ నోట్లుండే సెవెన్ బై ఎయిట్. మన ఏడక్షరాల మిశ్రచాపు తాళమే కదా అని తకిట తకధిమి కొట్టేశాను. కాగితంలో నోట్లను రెండు, రెండు, మూడుగా కట్టారు, అంటే తక ధిమి తకిట. ఏడు ఏడే, నడక వేరు. ఆ కట్టలు చూడడం అలవాటవడానికి రెండు నెలలు పట్టింది.

మరుసటి ఏడాది ఇంకో కచేరీకి అలాంటి కాగితమే ఇచ్చారు. ఈసారి లావు గీత మీద 8 అంకె ఉంది. పక్కనే పెన్సిలుతో ‘బార్లు’ అని రాసుకుని కూర్చున్నాను.