సన్ త్జు మీకు అమ్మకాల పాఠం చెప్పలేదు

ప్రాచీన చైనా యుద్ధ వ్యూహకర్త అని చెప్పే సన్ త్జు పేరు చెప్పి, వ్యాపారంలో పోటీదారుణ్ణి మట్టికరిపించే చిట్కాలు అమ్ముకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన అనని మాటలు కూడా ఆయన ఖాతాలో వేసేస్తున్నారు. 'మిత్రులను దగ్గర ఉంచుకో, శత్రువులను మరింత దగ్గర ఉంచుకో' అన్నది ఆయన పుస్తకం 'యుద్ధకళ'లో ఎక్కడా లేదు. ఉన్నవి 13 చిన్న అధ్యాయాలు. ఒక సాయంత్రం కూర్చుంటే చదవడం అయిపోతుంది. ఆ మాత్రం ఓపిక కూడా లేకుండా ఆయన్ని గురువును చేసేశారు.

చదివితే తెలుస్తుంది, యుద్ధానికి ఎంత మూల్యం చెల్లించాలో ఆయన ఎంత పట్టుదలగా లెక్క కట్టాడో. వెయ్యి రథాలు, వెయ్యి సామాను బండ్లు, లక్ష మంది సైనికులు, వాళ్లకు దూరదేశం దాకా మోయాల్సిన తిండిగింజలు. ఆయుధాల మరమ్మతుకు వాడే జిగురునూ లక్కనూ సైతం ఆ పద్దులో రాశాడు. కోట ముట్టడి గురించి రాసింది చూడండి. పరికరాలు తయారు చేయడానికి మూడు నెలలు, మట్టిదిబ్బలు పోయడానికి మరో మూడు నెలలు. అంతలో సేనాపతికి సహనం నశించి సైనికులను చీమల్లా గోడల మీదికి ఎక్కిస్తాడు. మూడోవంతు మంది చనిపోతారు, కోట మాత్రం అలాగే ఉంటుంది. ఇది రాసిన చేతికి గెలుపు మోజు ఉందని ఎలా అనగలం?

యుద్ధమంటేనే వంచన అని కూడా ఆయనే అన్నాడు, కాదనను. గూఢచారులకు ఒక అధ్యాయమే కేటాయించాడు. కానీ అక్కడ కూడా ఆయన కోపం ఎవరి మీదో గమనించండి. లక్ష మంది సైన్యం కదిలితే ఏడు లక్షల కుటుంబాల పనులు ఆగిపోతాయి. అలాంటప్పుడు వేగుకు ఇచ్చే కాస్త బంగారానికి వెనకాడి, శత్రువు సంగతి తెలుసుకోకుండా ఉండిపోయే సేనాపతి దయలేనివాడు అంటాడు. నీళ్లకు వెళ్లినవాళ్లు ముందు తామే తాగుతున్నారంటే ఆ సైన్యం దాహంతో ఉందని గుర్తుపట్టిన మనిషి, ఆయుధాల మీద ఆనుకుని నిలబడ్డవాళ్లను చూసి ఆకలిని పోల్చుకున్న మనిషి ఆయన.

శిక్షణ తరగతుల్లో మాత్రం ప్రాచీన చైనా చరిత్రకారుడు సిమా చియెన్ రాసిన అంతఃపుర కథే చెబుతారు. అంతఃపుర స్త్రీలకు కవాతు నేర్పుతూ, నవ్వినందుకు రాజుకు ఇష్టమైన ఇద్దరి తలలు సన్ త్జు తీయించడం నాయకత్వమట! వింటున్నవాళ్లు చప్పట్లు కొడతారు. నాకైతే కడుపులో తిప్పుతుంది. ఆ కథ జరిగిందో లేదో కూడా సందేహమే. ఆయన పనిచేశాడనే వూ రాజ్యం చూ రాజ్యంతో చేసిన యుద్ధాన్ని వివరంగా చెప్పిన పాత చరిత్ర 'జువో జువాన్'లో సన్ త్జు పేరే కనిపించదు. పుస్తకం ప్రాచీనమే. 1972లో చైనా రాష్ట్రం షాన్‌డాంగ్‌లోని యిన్‌చ్యుయెషాన్ సమాధుల్లో వెదురు పలకల మీద రాసిన ప్రతి దొరికింది. మనిషి గురించే గట్టి ఆధారం లేదు.

పన్నెండో అధ్యాయంలో, కోపంతో సైన్యాన్ని కదిలించవద్దని రాజును హెచ్చరిస్తాడు. కోపం మళ్లీ సంతోషంగా మారవచ్చు, నాశనమైన రాజ్యం మాత్రం తిరిగి రాదు, చనిపోయినవాళ్లు లేచి రారు అంటాడు. ఆయన కొలువు చేశాడని చెప్పే వూ రాజ్యం క్రీ.పూ. 506లో చూ రాజధాని యింగ్‌ను పట్టుకుంది. పదేళ్లకు వూ రాజు హెలూ పొరుగు రాజ్యం యుయె మీదికి దండెత్తి, గాయపడి చనిపోయాడు. క్రీ.పూ. 473లో ఆ యుయె చేతిలోనే వూ రాజ్యం అంతరించింది. విజయ రహస్యాలు అమ్మేవాళ్లు ఒక్కరైనా ఈ భాగం చెప్పగా నేను వినలేదు.