పున్నమి సైకిళ్లను అరికట్టాలి

హైదరాబాద్‌లో ఒక ప్రమాదకర ధోరణి ప్రబలుతోంది. తెల్లారగట్ల, లేదంటే పున్నమి రాత్రి, పదీ ఇరవై మంది సైకిళ్లేసుకుని గుంపుగా బయల్దేరుతున్నారు. ఎక్కడికంటే చెప్పలేరు. ఎందుకంటే నవ్వుతారు. చివరికి బయల్దేరిన చోటికే వచ్చి చేరతారు. ఆ మాత్రం దానికి ఇంట్లోనే కూర్చుంటే టైర్లయినా అరగవు కదా అని అడిగే నాథుడు లేడు.

పందెమైతే సరే అనుకోవచ్చు. బరువు తగ్గడానికైతే డాక్టరు చీటీ అయినా ఉంటుంది. వీళ్లకి రెండూ లేవు. ముందున్నవాడు వెనకబడ్డవాడి కోసం ఆగుతాడు. పక్కనుంచి కారు హారన్ కొట్టుకుంటూ దూసుకుపోయినా ఒక్కడికీ పౌరుషం రాదు. ఇద్దరు పక్కపక్కన తొక్కుతూ ఎవరి తమ్ముడి పెళ్లిచూపుల గురించో మూడు కిలోమీటర్లు మాట్లాడుకుంటారు. ఒకడి చైన్ ఊడితే అందరూ దిగుతారు, ఒకడు బిగిస్తాడు, మిగతావాళ్లు సలహాలిస్తారు. టీ బండి కనిపిస్తే ఇక ఆ రోజు కార్యక్రమం అయిపోయినట్టే. సిగ్నల్ ఆకుపచ్చ కాకముందే హారన్ నొక్కి జనం పరువు నిలబెట్టుకుంటున్న ఊళ్లో వీళ్లకింత తీరిక ఎవరిచ్చారు? (ఎదురొచ్చే పాలవాణ్ని ఏమీ అనకూడదు. అతను పనిమీద తొక్కుతున్నాడు. రెండు క్యాన్లతో వీళ్లందరికంటే వేగంగా పోతున్నాడు కూడా.)

మన పెద్దలు ఇంత ఉదారులు కారు. సైకిల్‌కి మున్సిపాలిటీ పన్ను వేశారు, ఏటా బిళ్ల కొని బిగించుకోమన్నారు. రాత్రి దీపం లేకపోతే పోలీసు ఆపేవాడు, డబుల్స్ కనిపిస్తే గాలి తీసేవాడు. ఇప్పుడు లైసెన్సు లేదు, నంబర్ ప్లేటు లేదు, పెట్రోలు బంకు ముందు నుంచి చిల్లిగవ్వ ఇవ్వకుండా దర్జాగా పోవచ్చు. పైగా 2025 సెప్టెంబరులో సైకిళ్ల మీద జీఎస్టీని 12 శాతం నుంచి 5కి తగ్గించారు!

అయితే ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని అనలేం. 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచింది. దాని మీద 16 మెగావాట్ల సోలార్ పలకలతో కప్పు వేయించింది. ఇందులోని దూరదృష్టిని చాలామంది గుర్తించలేదు. ఆ కప్పు పగలు ఎండను పట్టి కరెంటు చేస్తుంది, రాత్రి వెన్నెల మనిషి మీద పడకుండా కాపాడుతుంది. దాని కింద పోయేవాడికి పున్నమీ ఒకటే, అమావాస్యా ఒకటే. వరసగా లైట్లుంటాయి, బుద్ధిగా తొక్కుకుని ఇంటికి పోవచ్చు.

కానీ ఎంత మంచి పథకంలోనైనా ఒక లొసుగు ఉంటుంది. నానక్‌రామ్‌గూడ నుంచి వచ్చే పాయ పోలీస్ అకాడమీ దగ్గర ఆగిపోతుంది. కప్పు కూడా అక్కడితో సరి. సరిగ్గా అక్కడే, అదీ పోలీసుల ముంగిట్లో, చేవెళ్ల రోడ్డు అందుకుంటుంది. మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. రోడ్డు విస్తరణకి చెట్లు కొట్టాలన్న గొడవ నాటి లెక్క ప్రకారం దాదాపు 900 మర్రిచెట్లు. పగలు వాటి నీడ చూసి కాలు దానంతటదే నెమ్మదిస్తుంది. రాత్రి ఆకుల సందుల్లోంచి వెన్నెల రోడ్డంతా చుక్కలు చుక్కలుగా పడుతుంటే పక్క ఊరి దారిలోకి తిరిగి, లైట్లార్పి, పెద్దపెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లు నోరు తెరుచుకుని పైకి చూస్తూ నిలబడతారు. ఫోనుకి సిగ్నల్ లేకపోయినా ఎవరికీ టెన్షన్ ఉండదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇందులో చంద్రుడి పాత్రనూ విచారించాలి. పున్నమి నాడు సూర్యుడు దిగుతుండగానే పైకొస్తాడు, ఆఫీసులు వదిలే వేళకి సిద్ధం. మర్నాటి నుంచి రోజుకి ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యం. సంకటహర చతుర్థికి ఉపవాసం ఉన్నవాళ్లు మేడెక్కి ఎంత ఎదురుచూసినా ఒక పట్టాన రాడు. ఆకలితో ఉన్నవాళ్లకి ఆలస్యంగా, పనీపాటా లేనివాళ్లకి ఠంచనుగా! ఇది పక్షపాతం కాక మరేమిటి?

కాబట్టి తక్షణం చేయాల్సింది ఒక్కటే. చెట్లు కొట్టడం ఎలాగూ ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగిన వ్యవహారం. వాటి జోలికి పోకుండా, సోలార్ కప్పునే మన్నెగూడ దాకా పొడిగించాలి. రాత్రిపూట ఆ పలకలు పనిచేయవని కొందరు అభ్యంతరం చెబుతారు. కింద తొక్కేవాళ్లు మాత్రం ఏం పనిచేస్తున్నారు?