కలపడమా, విడదీయడమా? రెండూ కావాలి

నగర పాలన ఎన్నటికీ బాగుపడదని దిగులు పడేవారు ఢిల్లీ చరిత్ర చదవాలి. కార్పొరేషన్ మరీ పెద్దదైపోయింది, జనానికి అందడం లేదని 2012లో దాన్ని మూడు చేశారు. జీతాలు అందక పారిశుధ్య కార్మికులు సమ్మెకు దిగితే తూర్పు ఢిల్లీ వీధుల్లో చెత్త గుట్టలు లేచాయి. 2022లో మూడింటినీ మళ్లీ ఒకటి చేశారు. విడదీసినప్పుడు చెప్పిన కారణం మెరుగైన సేవలు. కలిపినప్పుడు చెప్పిందీ అదే. ఇంత నిలకడ గల విధానం మరొకటి చూపించండి.

బెంగళూరు 2007లో ఏడు పురపాలక సంఘాలనూ, నూటికి పైగా గ్రామాలనూ కలుపుకొంది, 2025లో ఐదు కార్పొరేషన్లయింది. ఈలోగా 2020లో పాలకవర్గం గడువు తీరిపోతే ఎన్నికలు జరపలేదని కొందరు సణిగారు. ఇంతటి పనిలో ఉన్నవారికి ఎన్నికలంటే తీరిక ఎక్కడిది?

మన హైదరాబాదూ తీసిపోలేదు. 2007లో 12 మునిసిపాలిటీలు, 8 పంచాయతీలు కలిసి గ్రేటర్ అయింది. 2025 చివర్లో మరో 27 పట్టణ సంస్థలు చేరాయి. 150 డివిజన్లు 300 అయ్యాయి, ఆరు జోన్లు పన్నెండయ్యాయి. ఆ ఉత్తర్వుల తడి ఆరకముందే, ఇంత పెద్ద సంస్థను విడదీస్తే బాగుంటుందన్న మాటా వినిపించింది. ముందుచూపంటే ఇదీ!

ఇక సేవల సంగతి. వీధిలో మ్యాన్‌హోల్ పొంగిందనుకోండి. మ్యాన్‌హోల్ జలమండలిది. దాని చుట్టూ ఉన్న రోడ్డు కార్పొరేషన్‌ది. వాన నీరు పోవలసిన నాలా కూడా కార్పొరేషన్‌దే, కానీ అందులోకి చేరిన మురుగు ఎవరిదన్నది లోతైన ప్రశ్న. పక్కనే ఒరిగిన స్తంభం విద్యుత్ సంస్థది. వాన మాత్రం ఈ శాఖల హద్దులేవీ చదువుకోకుండానే కురుస్తుంది. మంచినీరు, రోడ్లు, పట్టణ ప్రణాళిక వంటి 18 పనులను పట్టణ సంస్థలకు అప్పగించే దారిని 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ చూపింది. అంత సాహసం దేనికి? పనులు అప్పగిస్తే నిధులు ఇవ్వాలి, నిధులిస్తే మేయరు మాట చెల్లుతుంది, ఆపైన సచివాలయంలో కూర్చున్నవారు ఏం చేయాలి? హద్దులు మార్చడానికైతే ఒక పటం, ఒక పెన్సిలు చాలు.

అందుచేత ప్రభుత్వానికి నాదొక మనవి. శాశ్వత ప్రాతిపదికన విలీన, విభజన శాఖను నెలకొల్పాలి. బేసి సంవత్సరాల్లో కలపాలి, సరి సంవత్సరాల్లో విడదీయాలి. బోర్డులు రాసేవారికీ, రబ్బరు స్టాంపులు చేసేవారికీ ఏడాది పొడవునా పని దొరుకుతుంది. ఆస్తి పన్ను రసీదు మీద సంస్థ పేరు ఏటా మారినా పర్వాలేదు, పన్ను పెరగడం మాత్రం ఆగకుండా చూసుకుంటే చాలు. కొన్నాళ్లకు ఈ శాఖ కూడా మరీ పెద్దదైపోవచ్చు. అప్పుడు విలీనానికొకటి, విభజనకొకటిగా దాన్ని రెండు చేయాలి. ఆ రెండింటి నడుమ సమన్వయానికి ఒక విశ్రాంత ఐఏఎస్ అధికారి అధ్యక్షతన సంఘం వేస్తే, మ్యాన్‌హోల్ మూత విషయం అందులోనే ఒక ఉపసంఘానికి నివేదించవచ్చు.